మైకు లేని చోట లే జుంగ్

సినిమా పాటంటే మనకి రికార్డింగ్ థియేటరూ, మైకూ, కుదరకపోతే ఇంకో టేకూ! ఒపెరాలో ఇవేమీ ఉండవు. గాయని స్టేజీ మీద నటిస్తూనే పాడాలి. ఎదురుగా ఉన్న ఆర్కెస్ట్రా మొత్తాన్నీ దాటుకుని ఆ ఒక్క గొంతూ బాల్కనీలో ఆఖరి వరస దాకా వెళ్లాలి. ఆడగొంతుల్లో అన్నిటికన్నా పైస్థాయిలో పలికేదాన్ని సొప్రానో అంటారు. ఈ వారం కబుర్లు వియత్నాం సొప్రానో లే జుంగ్ గురించి.

ఆమె పుట్టింది 1951లో, ఉత్తర వియత్నాంలో బొగ్గు గనులకి పేరుపడ్డ కువాంగ్ నిన్ ప్రాంతంలో. అక్కడి హోన్ గాయ్ రేవు మీద అమెరికా విమానాలు బాంబులు వేసింది 1964 ఆగస్టులో. అప్పటికి ఆమెకి పదమూడేళ్లు. యుద్ధం ముగిసేసరికి 1975. పాట నేర్చుకునే వయసంతా యుద్ధంలోనే గడిచిందన్నమాట! హనోయిలో సంగీతం చదివి, ఆపైన మాస్కోలోని చైకోవ్‌స్కీ కన్సర్వేటరీలో ఒపెరా గానం సాధన చేశారు.

ఫారిన్ చదువు అయిపోయింది కదా, ఇక ఇబ్బందేముంది అనుకునేరు. అసలు పరీక్ష సొంత భాషలోనే! వియత్నాం భాషలో స్వరం మారితే అర్థమే మారిపోతుంది. 'మ' అన్న ఒక్క మాటని ఆరు రకాలుగా పలికితే దయ్యం, కానీ, బుగ్గ, సమాధి, గుర్రం, వరినారు! ఒపెరా పద్ధతేమో అచ్చుల్ని గుండ్రంగా సాగదీస్తుంది. గొంతు చూపించబోతే మాట పోతుంది, మాటని పట్టుకుంటే గొంతు చిన్నబోతుంది. లే జుంగ్ రెంటినీ నిలబెట్టారు. ఆమె గొప్పంతా అక్కడే ఉంది.

న్గుయెన్ దిన్ థి 1947లో రాసిన 'హనోయి మనిషి' పాట వినండి. ఊళ్లోని చెరువుల్నీ ఎర్రనదినీ తల్చుకుంటూ మొదలై, పోరాటపు మంటల్లోకి దూకుతుంది. ఎందరో పాడారు. అయినా ఆ పాట పేరెత్తగానే అక్కడివాళ్లకి ముందు గుర్తొచ్చే గొంతుల్లో ఈమెదొకటి.

హనోయి ఒపెరా హౌస్‌ని ఫ్రెంచివాళ్లు తమ వినోదం కోసం కట్టుకున్నారు. 1911లో పూర్తయింది. వియత్నాం వాళ్ల సొంత ఒపెరా, దో న్యువాన్ రాసిన 'కో సావ్', 1965లో గాని రాలేదు. అంటే లే జుంగ్ అందుకునేనాటికి ఈ కళ అక్కడ ఇంకా పసిబిడ్డే. అందుకే పాడి ఊరుకోలేదు, హనోయి కన్సర్వేటరీలో పాఠాలూ చెప్పారు. 1993లో 'ప్రజా కళాకారిణి' అయ్యారు. అక్కడ కళాకారులకి అంతకన్నా పెద్ద బిరుదు లేదు.

2001 జనవరి. వియత్నాం కొత్త సంవత్సరం పండుగ రోజులు. మెదడులో రక్తనాళం దెబ్బతిని లే జుంగ్ కన్నుమూశారు. నలభై తొమ్మిదేళ్లు! ఇంకెందరికో నేర్పాల్సిన వయసు.

రికార్డు దొరికితే ఓసారి వినండి. భాష మనకి తెలియదు, నిజమే. కానీ మాట మాటా విడివిడిగా చెవిలో పడుతుంది చూడండి, ఆ గొంతు గెలిచింది దాన్నే!