పేరు లేని రోగము, పేర్లు పెట్టు లోకము

రోగి వైద్యుని యొద్దకు మందు కొరకు పోవునని మనము అనుకొందుము. నిజమునకు మందుకంటె ముందు అతడు కోరునది పేరు. ఇది టైఫాయిడు, ఇది కామెర్లు, ఇది క్షయ అని వైద్యుడు చెప్పగానే సగము భయము తీరును. పేరు తెలిసిన రోగమునకు ఒక మార్గమున్నది, ఇంత కాలమని గడువున్నది, ఇంత ఖర్చని లెక్కయున్నది, లోగడ దానిని అనుభవించి లేచి తిరుగుచున్న పొరుగువాడున్నాడు. పేరు తెలియని రోగమునకు ఇవి యేవియు లేవు. అట్టి రోగము పసిబిడ్డకు వచ్చినచో ఆ యింటి స్థితి యెట్లుండునో విద్యార్థినీ విద్యార్థులకును, కళాశాల కమిటీ పెద్దలకును విన్నవించుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. వినికిడి మీద వ్రాయుట లేదు. మా యింటి సంగతియే వ్రాయుచున్నాను.

మా ఆపా రెండవ కుమార్తెకు ఇప్పుడు ఏడు సంవత్సరములు. పుట్టినప్పుడు ఏ లోపమును కానరాలేదు. తొమ్మిది నెలలు నిండినను మెడ నిలువలేదు. "పిల్లలందరూ ఒక్క తీరుగా ఎదుగుతారా? మీ నాన్న రెండేళ్ళకు గానీ నడవలేదు" అని మా దాదీమా ధైర్యము చెప్పెడిది. పదునాలుగవ నెలలో ఒక వేకువజామున బిడ్డ కన్నులు పైకి తేలి, చేతులు బిగిసిపోయినవి. అది మొదటి మూర్ఛ. నాటి నుండి మావారు కర్నూలులో ముగ్గురు వైద్యులకును, హైదరాబాదులో రెండు ఆసుపత్రులలోను, బెంగుళూరులో ఒక ఆసుపత్రిలోను బిడ్డను చూపించిరి. పోయిన ప్రతిచోటను రక్తము మరల తీసిరి. వెనుకటి చోట తీసిన పరీక్షల కాగితములను తిరగవేసి చూచినవారు తక్కువ. "రిపోర్టులన్నీ నార్మలేనమ్మా" అను మాట ఇతరుల ఇండ్లకు పండుగ తెచ్చును. మా యింట ఆ మాట విన్న రాత్రి ఎవరును అన్నము ముట్టలేదు. బిడ్డకు రోగము లేదని కాదు గదా దాని అర్థము, ఆ రోగము ఆ పరీక్షలకు చిక్కలేదని.

ఒక నగరమందలి ఆసుపత్రిలో ఒక వైద్యుడు ఐదు నిమిషములలో బిడ్డకొక రోగము పేరు వ్రాసి యిచ్చెను. పేరు దొరికినదని ఆపా ఆనాడు ఇరుగుపొరుగులకు మిఠాయి పంచినది. బిడ్డ రోగము పేరు తెలిసినందుకు మిఠాయి పంచిన తల్లిని మీరెన్నడైనను చూచితిరా? పదునొకండు నెలలు ఆ పేరున మందులు వాడిన పిమ్మట అది కాదని మరియొక వైద్యుడు తేల్చెను. ఆ పదునొకండు నెలలలో ఆపా గాజులు రెండు పోయినవి. అంతకంటె పెద్ద నష్టము, ఆ పిమ్మట ఎవరు ఏమి చెప్పినను నమ్మలేని మనస్సు ఆమెకు వచ్చుట. చివరకు ఒక వృద్ధ వైద్యుడు ఫైలంతయు ముప్పావు గంట చదివి, "నాకు తెలియదమ్మా. కానీ మూడు నెలలకొకసారి తీసుకురా. నేను చూస్తూనే ఉంటాను" అనెను. ఆ రాత్రి రైలులో మొదటిసారి నిద్రపోయితినని ఆపా నాతో చెప్పినది. తెలియదు అని చెప్పుట వైద్యునికి చిన్నతనము కాదని నేను గట్టిగా నమ్ముదును. తెలిసినట్లు నటించుట తప్పు. తెలియదని చెప్పి చేయి విడుచుటయు తప్పే.

వైద్యులు పేరు పెట్టలేనిచోట లోకము ఊరకుండదు. దిష్టి యనిరి. గ్రహణమునాడు తల్లి కత్తి పట్టినదనిరి. ఒకరు తాయెత్తు కట్టించిరి, మరియొకరు ఏదో చెట్టు నీడ దాటించినారనిరి. హిందువుల ఇండ్లలోను ముసల్మానుల ఇండ్లలోను ఈ పేర్ల జాబితా ఒక్కటే. దీనిలో మాత్రము మన మధ్య ఏ భేదమును లేదు. ఈ పేర్లన్నిటికిని ఒక సామాన్య గుణమున్నది. ప్రతిదానిలోను ముద్దాయి తల్లియే. తండ్రి ఏమి తినెనని, ఎక్కడ తిరిగెనని అడిగినవారిని నేను చూడలేదు.

ఇక దాచుట యొకటి. పెండ్లిండ్లకు ఆ బిడ్డను తీసుకొనిపోరు. పోయినచో పెద్ద కూతురికి సంబంధములు రావని బంధువుల హితబోధ. ఆ పెద్ద కూతురికి పండ్రెండేండ్లు. చెల్లెలికి ఏ మందు ఎన్ని మిల్లీలీటర్లో ఆమెకు తెలియును. మూర్ఛ వచ్చినప్పుడు కేకలు వేయక గోడ గడియారము చూచి నిమిషములు లెక్కపెట్టునది ఆమెయే. ఐదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి పరుగెత్తవలెనని ఆమెకు నేర్పినారు. నీ చదువెట్లున్నదని ఆ పిల్లను అడిగినవారు లేరు. చాలకాలము నేనును అడుగలేదు.

దగ్గరి సంబంధముల ప్రశ్నను దాటవేసిన ఈ వ్యాసము నిజాయితీ గలది కాజాలదు. ఆపాను మా మామూ కుమారునికే ఇచ్చితిమి. తెలుగు హిందువులలో మేనమామకు, మేనబావకు ఇచ్చు ఆచారమున్నట్లే మాలోను చుట్టరికపు పెండ్లిండ్లు కలవు. కొన్ని రోగములు తల్లిదండ్రులు ఇద్దరి యొద్ద నుండియు దెబ్బతిన్న జన్యువు వచ్చిననే బిడ్డకు కలుగును. ఇరువురును ఆరోగ్యవంతులే అయినను ప్రతి కాన్పునకు నాలుగింట ఒక వంతు అపాయము కలదు. ఒక బిడ్డకు వచ్చినది గనుక తక్కిన ముగ్గురు క్షేమమని కాదు, ప్రతి కాన్పునకును అదే లెక్క. ఆల్కాప్టోన్యూరియా అను రోగము దగ్గరి బంధువుల సంతానమున తరచుగా కనబడుచున్నదని ఆర్చిబాల్డ్ గారడ్ అను ఆంగ్ల వైద్యుడు 1902లోనే గుర్తించెను. సామాన్య దంపతుల బిడ్డలలో నూటికి ఇద్దరు ముగ్గురికి తీవ్రమైన పుట్టుకలోపము ఉండగా, పినతల్లి, మేనమామ బిడ్డల మధ్య జరిగిన పెండ్లిండ్లలో అది సుమారు రెట్టింపగునని నిపుణుల అంచనా. ఈ సంగతి పెండ్లికి ముందు తెలిసికొనవలసినది. బిడ్డ పుట్టిన పిదప తల్లి ముఖము మీద విసరవలసినది కాదు. పైగా తల్లిదండ్రులలో లేక బిడ్డలో మాత్రమే క్రొత్తగా పుట్టు జన్యు మార్పులును అనేకము. వాటికి చుట్టరికముతో సంబంధమే లేదు.

మా బిడ్డ విషయమున జరిగినది ఇదియే. మూడేండ్ల క్రిందట బిడ్డ రక్తముతోపాటు తల్లిదండ్రుల రక్తమును తీసి ఎక్సోమ్ పరీక్ష చేయించిరి (మా తెలుగు శాఖవారు క్షమింతురు గాక, దీనికి మంచి తెలుగు మాట నాకు దొరకలేదు). మన శరీరమందలి సుమారు 20,000 జన్యువులలో మాంసకృత్తుల నిర్మాణమును నిర్ణయించు భాగములను ఇది చదువును. మొత్తము జన్యు గ్రంథములో అది నూటికి ఒకటి రెండు పాళ్ళే. బిడ్డలో ఒక మార్పు కనబడినది. అది తల్లిలో లేదు, తండ్రిలో లేదు. అయితే "ప్రాముఖ్యము నిశ్చయింపబడని మార్పు" అని రిపోర్టులో వ్రాసిరి. అనగా ఇదే కారణమని చెప్పలేము, కాదనియు చెప్పలేము. బంధువులు మాత్రము ఆ కాగితము చదువకయే "చూశారా, దగ్గర సంబంధమే" అని తీర్పు చెప్పిరి. ఆ కాగితము చెప్పినది దానికి దాదాపు వ్యతిరేకము.

ఇట్టి అనిశ్చయమునకు ఒక కారణము, పోల్చి చూచుటకు ప్రపంచములో నున్న జన్యు సమాచారము అధికభాగము ఐరోపా సంతతి వారిది. జీనోమ్ ఇండియా పథకమున పదివేలమంది భారతీయుల జన్యు సమాచారము చదువుట 2024లో ముగిసినది. 2025 జనవరిలో దానిని పరిశోధకులకు అందుబాటులోనికి తెచ్చిరి. కావున నాడు అర్థము కాని రిపోర్టు రేపు అర్థము కావచ్చును. పాత ఫైలును రెండు మూడేండ్లకొకసారి మరల చదివించుట వ్యర్థము కాదు.

పేరు దొరికినచో ఏమగును? మన నేల మీదనే ఒక ఉదాహరణమున్నది. నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతములలో, మనుష్యుల ఎముకలు బిగిసి నడుములు వంగిపోవు వ్యాధిని షార్ట్ అను వైద్యుడును, ఆయన సహచరులును 1937లో ఫ్లోరోసిస్ అని గుర్తించిరి. నాటి నుండి చూడవలసినది బావి నీరని తెలిసినది. ఇంకొక ఉదాహరణము దూరదేశమునది. అమెరికాలో ఒక బాలుడు కన్నీరు రాకుండ ఏడ్చెడివాడు. ఏండ్ల తరబడి ఎవరికిని కారణము తెలియలేదు. 2012లో ఎన్‌జీఎల్‌వై1 అను జన్యువులో లోపమని తేలినది. ఆ తండ్రి కంప్యూటర్ శాస్త్రము బోధించు ఆచార్యుడు. తన బిడ్డ కథ వివరముగా వ్రాసి ప్రకటించెను. అది చదివి, అవే లక్షణములు గల బిడ్డల కుటుంబములు ఒకటొకటిగా ముందుకు వచ్చినవి. మందు దొరకలేదు. అయినను ఆ బిడ్డ నాటి నుండి ప్రపంచములో ఒంటరివాడుగా ఉండలేదు.

మన దేశమున పేరునకు మరియొక విలువయు ఉన్నది. 2021లో కేంద్ర ప్రభుత్వము అరుదైన వ్యాధుల విధానమును ప్రకటించినది. హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ సంస్థయు నిమ్స్ ఆసుపత్రియు కలిసి ఆ విధానము క్రింద గుర్తింపు పొందిన కేంద్రములలో ఒకటి. 2022 నుండి ఒక్కొక్క రోగికి 50 లక్షల రూపాయల వరకు సహాయము పొందుటకు వీలు కల్పించిరి. అయితే ఆ వ్యాధులను మూడు వర్గములుగా విభజించి, పేరు పేరున జాబితా వ్రాసిరి. పేరే లేని బిడ్డ ఏ వరుసలో నిలువవలెను? జాబితాలు లేనిదే ప్రభుత్వము నడువదని ఎరుగుదును. ఐనను కారణము వెదకుటకగు ఖర్చు కొరకైన ఒక నాలుగవ వరుస ఉండవలెనని నా అభిప్రాయము.

అంతవరకు చేయదగినవి లేకపోలేదు. మూర్ఛకు మందు, కాలు చేతులు బిగియకుండ వ్యాయామము, మ్రింగుట నేర్పుట, చూపు వినికిడి పరీక్షలు, ఇవి రోగము పేరు కొరకు ఆగనక్కరలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద జిల్లాలలో పసిపిల్లల కొరకు ప్రత్యేక కేంద్రములు ఏర్పడినవి. 2016 నాటి చట్టము గుర్తించిన వైకల్యములు 21. బుద్ధిమాంద్యమునకో, కదలికల లోపమునకో ధ్రువపత్రము పొందుటకు మూలకారణము తెలిసి తీరవలెనని లేదు. ఆపాకు ఈ సంగతి తెలియుటకు నాలుగేండ్లు పట్టినది. చెప్పినది వైద్యుడు కాదు, ఆసుపత్రి వరండాలో ప్రక్కన కూర్చున్న మరియొక తల్లి.

ఇక కళాశాల కమిటీవారికి నా మనవి. నేను చందాలు అడుగుట లేదు. మన విద్యార్థులకు ఉర్దూ, తెలుగు, ఆంగ్లము మూడును వచ్చును. ఈ ఊరిలో ఇట్టి ఫైళ్ళు మోయుచున్న తల్లులలో అనేకులకు వాటిలోని ఒక్క పంక్తియు చదువరాదు. ఆదివారము ఉదయము గ్రంథాలయము ప్రక్కనున్న చిన్న గది తెరిపించి, జీవశాస్త్ర విభాగపు అధ్యాపకులొకరి పర్యవేక్షణలో నలుగురు విద్యార్థులను కూర్చుండబెట్టుడు. కాగితములను తేదీల వరుసన పేర్చి, మొదటి మూర్ఛ ఎప్పుడు, ఏ పరీక్ష ఎక్కడ, ఏ మందు పనిచేయలేదు అనునవి ఒక్క పుటలో ఆంగ్లమున వ్రాసి, తల్లికి తన భాషలో చదివి వినిపించవలెను. వైద్యుని యొద్ద దొరకు ఐదు నిమిషములలో ఆ ఒక్క పుటను ఆయన చదువగలడు. విద్యార్థులు వైద్యము చెప్పరాదు, రోగమునకు పేరు పెట్టరాదు, విన్నది గదిలోనే విడిచి రావలెను. ముఖ్యముగా పెండ్లి సంబంధములు మాట్లాడు వారి చెవిని పడనీయరాదు.

గది తెరచిన మొదటి ఆదివారము మా ఆపా తన ఫైలుతో వచ్చుటకు ఒప్పుకొన్నది. అది ఒక సంచిలో పట్టదు. పెద్దమ్మాయి రెండవ సంచి మోయును.