కంప్యూటరు కూడా అమానతే

వేసవి మొదలయ్యిందంటే మదర్సాల నుండీ ఇళ్ళ నుండీ ఒకే ఫిర్యాదు వినవస్తుంది: కంప్యూటరు పది నిమిషాలు నడిచి, దానంతటదే ఆగిపోతున్నదని. దుకాణానికి తీసుకువెళితే, కొన్నిచోట్ల ప్రాసెసరు కాలిపోయిందనీ కొత్త యంత్రం కొనక తప్పదనీ చెబుతారు. దాతలు తమ కష్టార్జితంలో నుండి ఇచ్చిన చందాతో కొన్న వస్తువు విషయంలో అంత తొందరగా తీర్పు చెప్పరాదని మేము భావిస్తున్నాము. అది అల్లాహ్ సన్నిధిలో లెక్క అప్పజెప్పవలసిన అమానత్. పారే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీటిని దుబారా చేయరాదని బోధించిన దైవప్రవక్త (స) అనుచర సమాజం మనది.

ముందుగా అసలు విషయం తెలుసుకుందాం. ప్రాసెసరులో కోట్లాది ట్రాన్సిస్టర్లు క్షణక్షణం పనిచేస్తుంటాయి. అది వాడుకునే విద్యుత్తు దాదాపు అంతా వేడిగా మారుతుంది. డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 65 వాట్ల రకం సర్వసాధారణం. వెలుగుతున్న పాతకాలపు 60 వాట్ల బల్బును తాకితే చేయి ఎలా చురుక్కుమనేదో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఆ వేడిని తొలగించడానికే ప్రాసెసరుపై లోహపు రేకుల హీట్‌సింకు, దానిపై ఫ్యాను అమర్చుతారు. రెండు లోహాల నడుమ కంటికి కనిపించని సందులలో గాలి నిలిస్తే వేడి సరిగా దాటదు. అందుకే ఆ సందులను థర్మల్ పేస్టుతో నింపుతారు.

రేకుల మధ్య దుమ్ము పేరుకున్నా, పేస్టు ఎండిపోయినా, ఫ్యాను మందగించినా వేడి లోపలే నిలిచిపోతుంది. చాలా ప్రాసెసర్లు 95 నుండి 100 డిగ్రీలకు చేరగానే వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి తగ్గకపోతే యంత్రం ఆగిపోతుంది. అది ప్రాసెసరు కాలిపోకుండా చేసిన ఏర్పాటు. పైగా హీట్‌సింకు గదిలోని గాలి కంటే చల్లబడలేదు. గది వేడి 25 డిగ్రీల నుండి 40కి పెరిగితే ప్రాసెసరు వేడి కూడా సుమారు 15 డిగ్రీలు పెరుగుతుంది. చలికాలంలో చక్కగా నడిచిన యంత్రం రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెల ఎండల్లో మొరాయించడానికి కారణం ఇదే.

నిర్ధారణ కష్టం కాదు. కంప్యూటరును ఆన్ చేసిన వెంటనే డిలీట్ లేదా ఎఫ్2 మీట నొక్కితే చాలా యంత్రాలలో బయోస్ తెర వస్తుంది. అందులో ప్రాసెసరు ఉష్ణోగ్రత కనిపిస్తుంది. ఏ పనీ చేయకుండానే అది 80, 90 అంటూ ఎగబాకుతుంటే లోపం చల్లబరిచే ఏర్పాటులో ఉన్నట్లే. ఉష్ణోగ్రత మామూలుగా ఉన్నా ఆగిపోతుంటే పవర్ సప్లై వంటి ఇతర భాగాలను పరీక్షింపజేయాలి.

శుభ్రపరిచేటప్పుడు ముందుగా ప్లగ్గు తీసివేయాలి. డబ్బాను ఆరుబయటకు తెచ్చి, మెత్తని బ్రష్షుతో రేకుల మధ్య దుమ్ము తొలగించాలి. బ్లోయరు వాడితే ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకుంటే అది అతివేగంగా తిరిగి పాడవుతుంది. అయినా వేడి తగ్గకపోతే, పని తెలిసినవారి చేత హీట్‌సింకు విప్పించి, పాత పేస్టు తుడిపించి, బఠాణీ గింజంత కొత్త పేస్టు వేయించాలి. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడుతుందన్నది అపోహ. ఈ పనికి అయ్యే ఖర్చు కొత్త యంత్రం ధరలో చాలా స్వల్పభాగం.

పాత పేస్టు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడతారు. ఆ పేరు విని కొందరు సందేహిస్తారు. అది తాగే మద్యం కాదు, కర్మాగారాల్లో తయారయ్యే రసాయనం. ఇటువంటివాటిని శుభ్రతకై పైపైన వాడటాన్ని ఈ కాలపు ఫిఖహ్ పండితులు అనేకులు అనుమతించారు.

ఇంట్లో ఇల్లాలు, మదర్సాలో నిర్వాహకులు పాటించవలసినవి మరికొన్ని ఉన్నాయి. కంప్యూటరు నడుస్తుండగా దానిపై అందమైన గుడ్డ కప్పరాదు. బీరువా అరలో బిగించరాదు. గోడకు జానెడు ఎడం ఉంచాలి. చీపురు దుమ్ము చేరే నేలపై కాక, ఎత్తయిన బల్లపై పెట్టాలి. ఎయిర్ కూలరు గదిని చల్లబరిస్తే మంచిదే కాని, దాని తడిగాలి నేరుగా డబ్బాకు తగలరాదు. దుమ్ము ఎక్కువగా ఉండే చోట మూడు నెలలకొకసారి మూత తీసి చూడాలి. ఈ బాధ్యతను పెద్ద తరగతి విద్యార్థులలో ఒకరికి అప్పగిస్తే, పనితో పాటు ఉమ్మడి సొత్తును కాపాడే గుణం కూడా అలవడుతుంది.

యంత్రం నిజంగానే పాడైపోతే కొత్తది కొనడంలో తప్పు లేదు. అయితే పరీక్షించకుండా, శుభ్రపరచకుండా పక్కన పడవేసిన యంత్రం విలువ ఒక పేద విద్యార్థి పుస్తకాల ఖర్చుకు సరిపోయేదేమో ఆలోచించాలి. మనకు అప్పగించబడిన ప్రతి వస్తువునూ బాధ్యతగా చూసుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.