మన దుమ్ములో ఒకే లెన్సు చాలునా?

ఈసారి బుడ్డల రేటు గురించి కాదు, కెమెరా లెన్సు గురించి రాస్తాండాను. నవ్వుకోవద్దండి. మన పల్లెల్లో వీధికొక పిల్లోడు పెండ్లిళ్ల ఫొటోలకు పోతాండాడు. వాన మోసం చేసిన ఏడాది ఇంట్లోకి బియ్యం తెచ్చేది ఆ దుడ్లే. మా తమ్ముని కొడుకు కూడా ఆ దారే పట్టినాడు. కెమెరా అప్పుకు జామీను సంతకం పెట్టింది నేను. సంతకం పెట్టినోడు సరుకేందో తెలుసుకోవాల గదా. అట్లా వాని పక్కన తిరిగి నేర్చుకున్నదే ఇది.

విషయం ఒకటే. మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాక దగ్గరకూ దూరానికీ పనికొచ్చే ఒకే జూమ్ లెన్సు తీసుకోవాల్నా, వేర్వేరుగా రెండు మూడు తీసుకోవాల్నా? అన్ని పనులూ చేసే లెన్సు ఏ పనీ సరిగ్గా చేయదని తెలిసినోళ్లు అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉండాది. అయినా నేను చెప్పేది, మన నేలకూ మన జేబుకూ మొదటి లెన్సు ఆ ఒక్కటే కావాల. కాకపోతే దానితో కాని పని ఏందో తెలిసి కొనాల.

మొదటి కారణం దుమ్ము. ఈ కెమెరాల్లో అద్దం ఉండదు. లెన్సు తీస్తే చాలా వాటిలో లోపలి సెన్సార్ నేరుగా గాలికి బయటపడతాది. అహోబిలం పార్వేట మీకు తెలిసిందే. కనుమ నుంచి నలభై రోజులకు పైగా స్వామి పల్లకి ఊరూరా తిరుగుతాది. మావాడు మొదటి ఏడాది రెండు లెన్సులు భుజాన వేసుకోని పోయినాడు. జనం మధ్య బండ్లబాట పక్కన నిలబడి లెన్సు మార్చినాడు. తెల్లారి చూస్తే ప్రతి ఫొటోలోనూ ఆకాశంలో ఒకే చోట నల్ల మచ్చ. పల్లకి ముందు నిలబడిన ఆ ఇంటోళ్లకు మళ్లీ ఆ గడియ తెచ్చిచ్చేదెట్లా? సగం దుడ్లు వెనక్కిచ్చినాడు. అప్పటి నుంచి బయట లెన్సు విప్పడంలేదు.

జూమ్ లెన్సుకు దుమ్ము అంటదని కాదు. తిప్పినప్పుడల్లా అది ముందుకు సాగి సైకిల్ పంపు మాదిరి గాలి పీలుస్తాది. కానీ లెన్సు లోపల ఒక ధూళి కణం పడితే ఫొటోలో సాధారణంగా కనపడదు. సెన్సార్ మీద పడితే మచ్చే.

రెండోది అంకెలు. మిల్లీమీటర్ల అంకె తగ్గేకొద్దీ వెడల్పు, పెరిగేకొద్దీ దూరం. చిన్న సెన్సార్ కెమెరా, అంటే ఏపీఎస్-సీ అయితే సోనీలో 18-135, కెనాన్‌లో 18-150, నికాన్‌లో 18-140 ఉండాయి. మూడూ మూడు వందల గ్రాముల పైచిలుకే. ఇంకా దూరం కావాలంటే టామ్రాన్ 18-300, బరువు 620 గ్రాములు. పెద్ద సెన్సార్, అంటే ఫుల్ ఫ్రేమ్ అయితే నికాన్ 24-200, కెనాన్ 24-240, సోనీకి టామ్రాన్ 28-200. ఒక కంపెనీ కెమెరాకు చేసిన లెన్సు ఇంకోదానికి బిగుసుకోదు. డబ్బా మీద పేరు ఒకటికి రెండుసార్లు చదవండి.

ఇక్కడొక గుంత ఉండాది. పెద్ద సెన్సార్‌కు చేసిన 28-200ను చిన్న సెన్సార్ సోనీకి తగిలిస్తే బిగుసుకుంటాది, కానీ 28 కాస్తా 42 మాదిరి చూపిస్తాది. గండికోట అంచున నిలబడితే పెన్నా లోయ పట్టదు. మన ఇరుకు వసారాలో తలంబ్రాలు పోస్తాంటే పెండ్లికొడుకు వైపోళ్లు ఉంటారు, పెండ్లికూతురు వైపోళ్లు ఉండరు. గోడ అడ్డమొచ్చి వెనక్కి జరగను చోటుండదు. చిన్న సెన్సార్‌కు 18తో మొదలయ్యేదే తీసుకోండి.

దూరం సంగతి రోళ్లపాడు దిక్కు రైతులకు చెప్పనక్కరలేదు. జింకలు చేన్లో పడి మేస్తాంటే తరిమేలోపు సాలు సాలంతా పోతాది. దూరం నుంచి 135తో తీస్తే చుక్కలు కనపడతాయి. 300తో తీస్తే కొమ్ములు కనపడతాయి. నష్టం చూపించేకి ఆ తేడా చాలా పెద్దది.

మూడోది వెలుతురు. ఒకే లెన్సు ఓడిపోయేది ఇక్కడే. లెన్సు మీద ఎఫ్ అంకె ఉంటాది. అది ఎంత చిన్నదైతే కన్ను అంత పెద్దగా తెరుచుకుంటాది. ఈ జూమ్‌లను దూరానికి సాగదీస్తే చాలావాటిలో అది 6.3కు చేరుతాది. ఎఫ్ 1.8 లెన్సు దానికంటే పన్నెండింతల వెలుతురు తీసుకుంటాది. దేవరగట్టులో దసరా అర్ధరాత్రి కాగడాల వెలుగులో కర్రలు లేచినప్పుడు, బెలుం గుహల్లో, తెల్లవారుజాము ముహూర్తాల్లో జూమ్‌తో తీస్తే బొమ్మ చెదిరిపోతాది, లేకుంటే ఇసుక చల్లినట్టు గింజలు గింజలుగా వస్తాది. చెయ్యి వణుకు ఆపే ఏర్పాటు కొన్ని లెన్సుల్లో ఉండాది. టామ్రాన్ 28-200లో లేదు. ఉన్నా అది మన వణుకును ఆపుతాది, ఎగిరే మనిషిని ఆపదు.

అందుకే రెండో లెన్సుగా 35 గానీ 50 గానీ, ఎఫ్ 1.8ది, చిన్నది ఒకటి పెట్టుకోండి. రాత్రి పనికి పోయే ముందే ఇంట్లో తలుపులేసి, ఫ్యాను ఆపి మార్చుకోవాల. జాతరలో కాదు.

దున్నేకి మడక, చదును చేసేకి గుంటక, విత్తేకి గొర్రు వేరే ఉన్నప్పుడు అన్నిటికీ ఒకే లెన్సు ఎట్లా సరిపోతాదని అడగొచ్చు. నేను దాన్ని పనిముట్టుగా చూడను, బుడ్డల్లో కంది సాళ్ల మాదిరి చూస్తాను. మంచి వాన పడితే ఒట్టి బుడ్డలే ఎక్కువ మిగిలిస్తాయేమో. కానీ వాన తప్పితే కంది సాళ్లు మనల్ని సున్నాకు పోనీయవు. ఈ లెన్సూ అంతే. అన్నిటికంటే గొప్ప ఫొటో ఇవ్వకపోవచ్చు, గానీ గడియ దాటిపోనీయదు. తాళి కట్టే గడియ లెన్సు మార్చేదాకా ఆగదు.

ఇంగ దుడ్ల మాట. మంచి లెన్సు ధర ఎకరా బుడ్డల పెట్టుబడిని దాటొచ్చు. అందుకే ముందు అద్దెకు తెచ్చి రెండు పెండ్లిళ్లు చేయించండి. పిల్లోడు ఏ అంకెల దగ్గర ఎక్కువ తీసినాడో ఫొటోల్లోనే రాసి ఉంటాది. అది చూసి కొనండి. సెకండ్ హ్యాండ్ అయితే టార్చి వేసి లోపల బూజు ఉందేమో చూడండి. కిందికి వంచితే తనంతట తాను జారుతాందేమో చూడండి. భుజం మీద తువాలుతో అద్దం తుడవనీయొద్దు, దాంట్లోని ఇసుకే గీతలు పెడతాది. రబ్బరు బ్లోయర్‌తో ఊది, మెత్తటి గుడ్డతో తుడవాల.

పంట నష్టం ఫొటోలకే అయితే కెమెరా కొననే వద్దు. జింక దూరంలో ఉంటే తప్ప, తేదీ, చోటు పడే ఫోను చాలు. కెమెరాతో బతుకుతానని పిల్లోడు గట్టిగా నిలబడితేనే సంతకం పెట్టండి. పెట్టే ముందు ఒక్క మాట అడగండి: "నాయనా, పగటి పనా, రాత్రి పనా నీకు ఎక్కువొచ్చేది?" దానికి జవాబు చెప్పలేకపోతే వాడు ఇంకా లెన్సు కొనే దశకు రాలేదని లెక్క.