షికాగో తీరంలో చిన్న విమానాలు.. కళ్లనే నమ్ముకోవాలా?

వేసవి సెలవు రోజుల్లో షికాగో సరస్సు ఒడ్డున తలెత్తి చూస్తే చిన్న విమానాలు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు నగరాన్ని పైనుంచి చూపించమని పైలట్ లైసెన్సున్న స్నేహితుణ్ని అడిగే మనవాళ్లూ ఉన్నారు. ప్రైవేటు పైలట్‌గా నేనూ ఆ దారిలో ఎగురుతుంటాను. అందుకే ఒక మాట చెప్పాలి. అంత రద్దీ ఉన్న ఆ దారిలో భద్రత చాలావరకు పైలట్ల కళ్ల మీదే ఆధారపడి ఉంది.

ఓహేర్ విమానాశ్రయం చుట్టూ ఉన్న నియంత్రిత గగనతలం తిరగేసిన మెట్లలా ఉంటుంది. విమానాశ్రయం దగ్గర అది నేల వరకు దిగుతుంది. దూరం వెళ్లేకొద్దీ దాని అడుగు పైకి జరుగుతుంది. నగర తీరంలో చాలాచోట్ల ఆ అడుగు 3,000 అడుగుల దగ్గర ఉంటుంది. దాని కిందుగా, మిడ్‌వే విమానాశ్రయం హద్దుల్లోకి పోకుండా చూసుకుంటే, వాతావరణం బాగున్నప్పుడు కంట్రోలర్ అనుమతి లేకుండానే వెళ్లవచ్చు. కనీసం మూడు మైళ్ల దూరం కనిపించాలి, మబ్బులకు ఎడంగా ఉండాలి. ఎదుటి విమానాన్ని చూసి తప్పుకోవడం ఎవరి బాధ్యత వారిది.

ఈ అంకెలు సముద్రమట్టం నుంచి లెక్క. మిషిగన్ సరస్సు నీరే సుమారు 580 అడుగుల ఎత్తున ఉంది. మీటరు 2,000 చూపిస్తుంటే నీటికి మనం 1,400 అడుగుల పైన మాత్రమే ఉంటాం. విల్లిస్ టవర్ కప్పు 1,451 అడుగులు. అంటే దాన్ని కాస్త తలెత్తి చూడాల్సిందే.

సరస్సు విశాలమే కదా, దూరంగా జరిగి వెళ్లవచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఒకే ఇంజిను ఉన్న విమానం అది ఆగిపోతే ఆ ఎత్తు నుంచి సుమారు రెండు మైళ్లే జారుతూ వెళ్లగలదు. చల్లని నీళ్లలో దిగాలని ఎవరూ కోరుకోరు. అందుకే ఉత్తరానికి పోయేవారు, దక్షిణానికి వచ్చేవారు, నగరం చూపించే హెలికాప్టర్లు.. అందరూ ఒడ్డును పట్టుకునే తిరుగుతారు. సోల్జర్ ఫీల్డ్‌లోనో రిగ్లీ ఫీల్డ్‌లోనో పెద్ద మ్యాచ్ ఉంటే స్టేడియం చుట్టూ మూడు నాటికల్ మైళ్ల మేర, 3,000 అడుగుల ఎత్తు వరకు నిషేధం. అప్పుడు దారి ఇంకా ఇరుకవుతుంది.

కళ్లు ఎంతవరకు ఆదుకుంటాయి? ఎదురెదురుగా వంద నాట్ల వేగంతో వచ్చే రెండు విమానాల మధ్య ఒక నాటికల్ మైలు దూరం 18 సెకన్లలో కరిగిపోతుంది. పైగా ఢీకొనే దారిలో ఉన్న విమానం అద్దంలో అటూ ఇటూ కదలదు. ఒకేచోట చుక్కలా ఉండి చివర్లో ఒక్కసారిగా పెద్దదవుతుంది. కదలని దాన్ని కన్ను సులభంగా పట్టుకోలేదు.

2025 జనవరి 29 రాత్రి వాషింగ్టన్‌లో సైనిక హెలికాప్టర్, ప్రయాణికుల విమానం ఢీకొని 67 మంది చనిపోయారు. అక్కడ టవర్ ఉంది. విమానం కనిపిస్తోందని హెలికాప్టర్ సిబ్బంది చెప్పారు కూడా. శిక్షణ పొందిన సైనికులకే అలా జరిగితే, వారాంతాల్లో ఎగిరే నాలాంటివాళ్ల కళ్లకు ఏం భరోసా?

షికాగో తీరంలో ఒకప్పుడు మెగ్స్ ఫీల్డ్ ఉండేది. కంప్యూటర్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడిన మన తరానికి ఆ రన్‌వే బాగా గుర్తు. 2003 మార్చి 30 అర్ధరాత్రి వేళ మేయర్ రిచర్డ్ డేలీ బుల్డోజర్లు పంపి దాన్ని తవ్వించేశారు. నగర భద్రత కోసమే అన్నారు. ముందస్తు నోటీసు ఇవ్వనందుకు నగరానికి ఎఫ్‌ఏఏ 33,000 డాలర్ల జరిమానా వేసింది. రన్‌వేతో పాటు టవర్ కూడా పోయింది. విమానాలు మాత్రం ఆగలేదు. అక్కడ వాటిని కనిపెట్టి మాట్లాడే గొంతే ఆగిపోయింది.

న్యూయార్క్ వేరే పాఠం నేర్చుకుంది. 2009 ఆగస్టులో హడ్సన్ నదిపై చిన్న విమానం, హెలికాప్టర్ ఢీకొని తొమ్మిది మంది మరణించాక అక్కడ నియమాలు తప్పనిసరి చేశారు. నదికి కుడి పక్కగా వెళ్లాలి. ఒకే రేడియో ఫ్రీక్వెన్సీలో ఎక్కడున్నామో చెప్పాలి. వేగం 140 నాట్లు దాటకూడదు. అనుమతి కోసం ఆగనక్కర్లేదు, ఎగిరే స్వేచ్ఛ పోలేదు. అలాంటి తప్పనిసరి నియమాలు షికాగో తీరానికీ రావాలన్నది నా అభిప్రాయం. ప్రమాదం జరిగేదాకా ఆగడం ఎందుకు?

పరికరాల సంగతీ ఉంది. 2020 నుంచి ఓహేర్ చుట్టూ 30 నాటికల్ మైళ్లలో ఎగిరే విమానాలు దాదాపు అన్నీ ఏడీఎస్‌-బీ ద్వారా తామెక్కడున్నదీ ప్రసారం చేయాలి. ఆ సమాచారాన్ని అందుకునే పరికరం మాత్రం తప్పనిసరి కాదు. ట్యాబ్లెట్‌కు జతచేసే రిసీవర్ కొన్ని వందల డాలర్లకే దొరుకుతుంది.

చట్టం వచ్చేలోపు మనం చేయగలిగింది కూడా ఉంది. ఎవరైనా తీరం చూపిస్తామంటే ఎక్కే ముందు అడగండి: పక్క విమానాలు తెరపై కనిపిస్తాయా? లైఫ్ జాకెట్లు ఉన్నాయా? ఈరోజు మ్యాచ్ ఉందా? మంచి పైలట్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. మీకూ ఓ పని అప్పజెబుతాడు.. బయటికి చూస్తూ ఏ విమానం కనిపించినా వెంటనే చెప్పమని.