బియ్యం కోసం మారినోళ్లమా?

మొన్న ఆదివారం మా అమ్మమ్మ ఊరి చర్చికి పోయాను. మాదిగపల్లె చివర, వేపచెట్టు పక్కన. సున్నం పెచ్చులూడిన గోడలు, నేల మీద చాపలు, ఒక పాత గంట. మిరపకాయ కోతల కాలం. కూలికి పోవాలి కాబట్టి ఆరాధన పెందలాడే అయిపోయింది. నాతో వచ్చిన మా కాలేజీ అమ్మాయి బయటికొచ్చాక మెల్లగా అడిగింది: "మేడమ్, మీ తాతలు బియ్యం కోసం మతం మారారంటున్నారు క్లాసులో. నిజమేనా?"

మిత్రులారా, ఈ ప్రశ్న మీలో చాలామందికి ఎదురై ఉంటుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసిన మాదిగ. రాజయోగం నేర్చి, శిష్యులున్న గురువు. ఆయన బాప్తిస్మం తీసుకున్నది 1866లో. పెద్ద కరువు మొదలైంది 1876లో. పదేళ్ల తర్వాత రాబోయే గంజి కోసం పేరయ్య ముందే మారాడా?

మారినవాళ్లు ఏం చేశారో చూడండి. చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు. జాతరలో డప్పు కొట్టమన్నారు. ఆదివారం పనికి రామన్నారు. ఊరు ఊరుకుంటుందా? కొట్టింది, నీళ్లు ఆపింది. నా లెక్కలో అది మతమార్పిడి కన్నా ముందు ఒక సమ్మె. ఈరోజు డప్పు మన ఆత్మగౌరవం అంటున్నాం, నిజమే. ఆనాడు వెట్టికి కొట్టమని పుల్లలు కింద పెట్టడమూ ఆత్మగౌరవమే.

ఇక కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. మనవాళ్లు మట్టి తవ్వి కూలి తీసుకున్నారు. అది దానం కాదు. ఆ పని నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని ముంచారు. మనల్ని ముంచి లేపినవి దొర చేతులు కావు.

అయినా ఒక మాట. ఆకలేసినవాడు అన్నం పెట్టినవాడి వైపు నడిస్తే తప్పు ఎవరిది? అన్నం పెట్టనివాడిది కాదా?

చర్చిని నేను వెనకేసుకు రావడం లేదు. అక్కడా కులం చాప పరుచుకునే కూర్చుంది. కానీ రాజ్యం చేసింది ఇంకా పెద్ద మోసం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను ఎస్సీ జాబితాకు బయట పెట్టింది. 1956లో సిక్కు దళితులను, 1990లో బౌద్ధ దళితులను కలుపుకుంది. మనకు ఇక్కడ మిగిలింది బీసీ-సీ, ఒక్క శాతం. ఊరు మాత్రం మన పల్లెను ఇప్పటికీ మాదిగపల్లె అనే పిలుస్తోంది. ప్రభుత్వానికి కనపడని కులం ఊరికి ఎలా కనపడుతోంది?

ఆ అమ్మాయికి ఇదంతా చెప్పి ఒక పని అప్పజెప్పాను. మీకూ అదే. మీ నాయనమ్మల దగ్గర కూర్చోండి. మీ ఇంట్లో మొదట ఎవరు మారారో, దేనికి కాదన్నారో అడిగి రాసుకోండి. మన చరిత్రను మనం రాసుకోకపోతే వాళ్లు దానికి బియ్యం అని పేరు పెడతారు.

జై భీమ్.