సైకిలుతోపాటు పంపు కూడ ఈయవలెను

ఊరిలో ఉన్నత పాఠశాల లేక ప్రతిదినము కోసుల దూరము నడచిపోవలసిన బాలికలకు ప్రభుత్వములు ఉచితముగా సైకిళ్లు పంచిపెట్టుట ఇటీవలి కాలమున మన దేశమునందు జరిగిన మంచిపనులలో ఒకటియని నేను నమ్ముచున్నాను. 2006లో బీహారు ప్రభుత్వము ఈ పథకము నారంభించిన తరువాత తగిన వయసున ఉన్నత పాఠశాలలలో చేరిన బాలికల సంఖ్య దాదాపు మూడవవంతు పెరిగినదని ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కలు కట్టి చూపిరి. ఆంధ్రప్రదేశమునందును ‘బడికొస్తా’ యను పేర ఇట్టి పథకమే నడచినది. దూరము అడ్డుపడి చదువు మానవలసిన పిల్ల సైకిలెక్కి పాఠశాలకు పోవుచుండగా చూచిన వారెవరికైనను ఆ వ్యయము సార్థకమైనదనియే తోచును. అయితే సైకిలు చేతికి వచ్చినంతమాత్రమున దూరము తరిగిపోదు. ఏ పల్లేరుకాయయో, ఏ తుమ్మముల్లో చక్రమున దిగిననాడు ఆ పిల్లను మోయవలసిన సైకిలును ఆ పిల్లయే ఈడ్చుకొని పోవలసివచ్చును.

బడి మానుటకు గల కారణములలో పంక్చరును ఎవ్వరును పేర్కొనరు. కాని గాలిపోయిన సైకిలును త్రోసికొనుచు బడిగంట మ్రోగిన చాలసేపటికి చేరవలసిన పిల్ల, మాస్టరుగారికి జవాబు చెప్పుకొనలేక సగము దారినుండి ఇంటికి మరలివచ్చును. మరునాడు తండ్రికి తీరిక చిక్కదు. మూడవనాడు దుకాణము మూసియుండును. ఆపై ఆ సైకిలు చూరుక్రిందికి చేరును, దానిమీద తడిబట్టలు ఆరవేయుట మొదలగును. ఒకప్పుడు ప్రతి ఊరి మొగలోను వేపచెట్టు నీడన ఒక పంపు, ఒక నీళ్ల బేసిను, కొమ్మకు వ్రేలాడు నాలుగు పాత టైర్లు కనబడుచుండెడివి. నేడు అచ్చట మోటారు సైకిళ్ల పని జరుగుచున్నది; సైకిలు పంక్చరునకు వచ్చు నాలుగు రూకలకై అంతసేపు కూర్చుండుట అచ్చటి పనివానికి గిట్టదు, అందుకు వానిని తప్పుపట్టుటయు న్యాయము కాదు. కావున సైకిలునిచ్చు ప్రభుత్వము పంపును, ప్యాచీలను, సొల్యూషనును కూడ ఈయవలెననియు, వానిని వాడు విద్యను బడిలోనే నేర్పవలెననియు నా మనవి.

ఈ విద్య సైకిలునకు అదనపు హంగు కాదు. బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యము చేయుచుండిన జాన్ బాయిడ్ డన్‌లప్, కుమారుని మూడుచక్రముల బండి నున్నగా సాగవలెనని 1887లో రబ్బరు గొట్టమున గాలినింపి చక్రమునకు చుట్టెను. మరుసటి యేడు దానికి పేటెంటు పొందెను. అది హాయిగా నడచినది గాని, టైరు చక్రమునకు అంటించబడియుండుటచేత పంక్చరైనచో దానిని ఊడదీయుటయే మహాప్రయాసమయ్యెను. ఫ్రాన్సుదేశమునందలి క్లెర్మాన్‌ఫెరాన్ పట్టణమున రబ్బరు కర్మాగారము నడుపుచుండిన మిషెలిన్ సోదరులకడకు ఒక సైకిలు ప్రయాణికుడు ఇట్టి టైరుతో వచ్చెననియు, బాగుచేయుటకు మూడుగంటలును, జిగురు ఆరుటకు ఒక రాత్రియు పట్టెననియు, తెల్లవారి ఎక్కిన కొద్దిసేపటికే గాలి మరల పోయెననియు చెప్పుదురు. ఆ చిక్కునుండియే ఊడదీసి మరల వేసికొనదగిన మిషెలిన్ టైరు పుట్టినది. 1891లో షార్ల్ టెర్రాన్ అట్టి టైర్లతోనే పారిసునుండి బ్రెస్టునకు పోయి తిరిగివచ్చు దాదాపు 1,200 కిలోమీటర్ల పందెమును గెలిచెను. గాలి టైరు సామాన్యుని సొత్తు కాగలిగినది, దారిప్రక్కన కూర్చుండి దానిని తన చేతులతో తానే బాగుచేసికొను వీలు కలిగిన తరువాతనే. ఆ వీలు నేడు ప్రతి సైకిలునందును ఉన్నది. దానిని ఉపయోగించుకొను నేర్పునే మనము పిల్లలకు ఈయక యున్నాము.

పంక్చరు దైవాధీనమని మనవారు అనుకొందురు. ముల్లు మాట అటుండగా, గాలి తక్కువగుటచేత జరుగు నష్టము మిక్కిలి హెచ్చు. చిల్లి లేకపోయినను రబ్బరుగుండ గాలి కొంచెముకొంచెముగా తరుగుచునే యుండును. వారమునకొకమారు కొట్టుకొననిచో టైరు మెత్తబడును. మెత్తబడిన టైరు రాతి అంచునకో గోతి అంచునకో తగిలినపుడు, ట్యూబు రిమ్మునకును రాతికిని నడుమ నలిగి, పాము కాటువలె ప్రక్కప్రక్కన రెండు గాట్లు పడును. తెలియనివారు ఒకదానికి ప్యాచీ వేసి, రెండవదానిని విడిచిపెట్టి, సొల్యూషను మంచిది కాదని విసిగికొందురు. ఎంత గాలి పట్టునో టైరు ప్రక్కనే అచ్చువేసియుండును. బరువులో హెచ్చు భాగము వెనుకచక్రముమీద పడును గనుక దానిని మరికొంత గట్టిగా ఉంచవలెను. వేసవి సెలవులలో సైకిలును గాలిలేక ఎండలో నిలిపియుంచినచో టైరు రిమ్ముక్రింద నలిగి ప్రక్కలు బీటలు వారును. రిమ్ములోని టేపు చినిగినచో స్పోకుల మొనలు లోపలినుండి ట్యూబును పొడుచును. అట్టి చిల్లి చక్రపు లోపలివైపున నుండుటచేత దానిని ముల్లుగా పొరబడి దారిని నిందింపరాదు.

ఇక వాల్‌ట్యూబు సంగతి. మన సాధారణ సైకిళ్లలో వాల్వులోపల వేలెడైనను లేని సన్నని రబ్బరు గొట్టము ఒకటి యుండును. పంపు కొట్టినపుడు అది పక్కకు సడలి గాలిని లోనికి పోనిచ్చును; లోపలి గాలి తిరిగి దానినే రంధ్రమునకు అదిమి మూయించును. ఇంత చక్కని యుక్తి ఇంత చవుక వస్తువునందు ఇమిడియుండుట నాకెప్పుడును ఆశ్చర్యమే. అది ఎండి చిట్లినపుడు గాలి పోవును, చూచినవారు పంక్చరే యనుకొందురు. వాల్వు కొనమీద కొంచెము ఉమ్మితడి పెట్టి బుడగ లేచునా యని చూచిన నిజము తెలియును. ఈ ఒక్క పరీక్ష తెలిసిన పిల్ల టైరు విప్పకయే బడికి పోగలదు.

ముండ్ల విషయమున మాత్రము ఒక్క పిల్ల జాగ్రత్త చాలదు. నేలబారున అల్లుకొని చిన్నచిన్న పసుపుపచ్చని పూలు పూయు పల్లేరు కాయ ఎండి ఐదు చెక్కలుగా విడిపోవును. ప్రతి చెక్కకును గట్టి ముండ్లుండుటచేత అది ఎట్లుపడినను ఒక ముల్లు పైకే చూచుచుండును. 1870 దశకమున కడప ప్రాంతమునకు విదేశమునుండి తెచ్చి నాటిన సర్కారు తుమ్మ నేడు చెరువుగట్లను, బాటల అంచులను ఆక్రమించినది; దాని ముల్లు చెప్పును చీల్చుకొని పాదమున దిగును, పలుచని టైరు దానికెంత? చేలకు దడి కట్టుటకు కంప ఈడ్చుకొనిపోవువారు దారిపొడుగునను ముండ్లు రాల్చుకొనుచు పోవుదురు. రైతు దడి కట్టుకొనకుండ ఉండలేడు. కాని కంపను బండిపై వేసికొనుటయు, బడిబాటను వానకాలము ముగియగానే పంచాయతీవారు ఒకమారు ఊడ్పించి, అంచులలోని తుమ్మను కొట్టించుటయు అసాధ్యములు కావు. బడిపిల్లలు నడచు బాటకు కాక పంచాయతీ సొమ్ము మరి దేనికి ముందుగా ఖర్చుకావలెను?

పంక్చరు వేయుట చూచినంత సులువును కాదు, భయపడవలసినంత కష్టమును కాదు. చక్రమును విప్పనక్కరలేదు; ఒకవైపు టైరును రిమ్మునుండి తప్పించి ట్యూబును వెలికి లాగిన చాలును. తప్పించుటకు స్క్రూడ్రైవరు వాడరాదు, అది మరియొక చిల్లి చేయును. నున్నని చెంచా కాడలు రెండు చాలును. ట్యూబులో గాలికొట్టి, బేసినులోని నీట కొంచెముకొంచెముగా ముంచుచు పోగా బుడగల వరుస చిల్లిని చూపును. అచ్చట తుడిచి, ఆరనిచ్చి, ప్యాచీకన్న వెడల్పుగా గరుకు కాగితముతో రుద్ది, సొల్యూషను పలుచగా పూసి, ఆగవలెను. ఆగుటయే ఇందులో ముఖ్యము: తడిమెరుపు పోయి, వ్రేలికి తడి అంటకుండువరకు, సుమారు ఐదు నిమిషములు ఆగక అంటించిన ప్యాచీ మరునాటికి ఊడును. అంటించిన పిమ్మట నడిమినుండి అంచులకు గట్టిగా నొక్కి, సుద్దముక్క పొడి చల్లినచో టైరునకు అంటుకొనదు. పాత పనివాండ్రు ఇంతటితో లేవరు. కన్నులు టైరుమీద ఉంచక, నాలుగు వ్రేళ్ల కొనలతో దాని లోపలి భాగమును మెల్లగా చుట్టును తడిమి చూతురు. పైకి విరిగి లోపల ఆవగింజంత మిగిలిన ముల్లు వ్రేలికే తగులును గాని కంటికి కనబడదు. దానిని తీయక ట్యూబును మరల వేసినచో చేసిన పనియంతయు రెండు ఫర్లాంగులలో వృథాయగును.

ఆడపిల్లలకు ఈ పని నేర్పుట యేమనువారు కొందరుందురు. దారిమధ్య నిలిచిపోవునది ఆడపిల్లయే గనుక ముందుగా నేర్వవలసినదియు ఆమెయే. బడిలో నేర్పువారెవ్వరని అడుగువారికి నా జవాబిది: నేను పైన చెప్పిన పాత పనివాండ్రు ఇంకను మండలమున కొందరైన ఉన్నారు. వారిని పిలిచి, గౌరవముగా కుర్చీవేసి, రోజు కూలికి తగ్గని పారితోషికమిచ్చి, సైకిళ్లు పంచు వారముననే రెండు పూటలు నేర్పింపవలెను. ప్రతి పిల్లకును ఒక ప్యాచీ డబ్బా, ప్రతి తరగతికిని ఒక కాలిపంపు, బడియంతటికి ఒక బేసిను, ఒక కట్ట వాల్‌ట్యూబు చాలును; సైకిలు వెలలో ఇది ఎంత భాగమో లెక్కించిచూచిన అధికారులకే సిగ్గువేయును. సొల్యూషను గొట్టము ఒకమారు మూత తీసినపిదప కొన్ని నెలలకే గట్టిపడిపోవును గనుక, బడి తెరచిననాడును, సంక్రాంతి సెలవుల తరువాతను, ఏడాదికి రెండుమారులు క్రొత్త గొట్టములు పంపు ఏర్పాటు సైకిళ్లు పంచు ఉత్తరువులోనే వ్రాసియుండవలెను.