యోబునకు చెప్పని సంగతి

గడచిన మాసమున మా వీథిలో నొక క్రైస్తవ గృహస్థుని యింట మూడేండ్ల బాలుడు జ్వరపడి గతించెను. పరామర్శకై పోయిన మాలో నొక్కొక్కరికి నొక్కొక్క కారణము స్ఫురించినది. దేవుడు పరీక్షించుచున్నాడని యొకామె, తల్లి ప్రార్థనలో లోపమేదో యుండెనని మఱియొకామె. ఊరకుండుట నాకును చేతగాక, "ఇదియు నీ మేలుకొఱకే, అమ్మా" అంటిని. ఆ తల్లి తలయెత్తి, "అది మీకెట్లు తెలిసినదండీ, అమ్మగారూ?" అని యడిగినది.

ఇంటికి వచ్చి బైబిలులోని యోబు గ్రంథమును మొదటినుండి మరల చదివితిని.

యోబు ఊజు దేశమున ధర్మాత్ముడు. 7000 గొఱ్ఱెలును, 3000 ఒంటెలును, ఏడుగురు కొడుకులును, ముగ్గురు కూతుండ్రును గలవాడు. సర్వమును ఒక్క దినముననే పోయెను. కారణము మనకు దెలియును: అతని భక్తి నిష్కామమైనదా యని సాతాను దేవుని యెదుట సంశయించెను. ఈ సంగతి మొదటి యధ్యాయములలోనే యున్నది. యోబునకు మాత్రము 42 అధ్యాయములు ముగియువఱకును ఎవ్వరును దానిని జెప్పరు!

ఓదార్ప వచ్చిన మువ్వురు మిత్రులును ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలపై మౌనముగా గూర్చుండిరి. వారు చేసిన మేలంతయు నంతవఱకే యని నా తలంపు. నోరు విప్పినది మొదలు, నిర్దోషికి ఇట్టి దుఃఖము రాదు గనుక నీవేదో పాపము చేసియుందువని వాదించిరి. యోబు ఒప్పుకొనలేదు. దేవునితోనే వ్యాజ్యెమాడగోరెను, తన్నేల యిట్లు చేసితివని నిలదీసెను, అయినను ఆయనను విడిచిపోలేదు. విశ్వాసమనగా నోరెత్తకుండుట యని చిన్ననాట నేర్చిన నాకు ఈ భాగము చదువునపుడెల్ల వెఱపు గలుగును.

తుదకు సుడిగాలిలోనుండి దేవుడు పలికెను. కారణము చెప్పెనా? లేదు. భూమి పునాదులను గూర్చియు, మంచును గూర్చియు, కొండమేకలు ఈను కాలమును గూర్చియు, కాకిపిల్లల యాహారమును గూర్చియు ప్రశ్నలు మాత్రమే వేసెను. యోబు నోటిమీద చేయి పెట్టుకొనెను. కోరిన జవాబు రాలేదు గాని, పిలిచినవాడు వచ్చెను. అతనికి అదియే చాలెను. దేవుని కోపమో, కారణములు చెప్పిన ఆ మిత్రులమీదికి మరలెను. తన్ను గూర్చి యోబు పలికినట్లు వారు యుక్తముగా పలుకలేదనెను.

ఇచట నొక్కమాట. దేవుని దూషించి చావుమన్నదని యోబు భార్యను ఎందఱో నిందించిరి. పోయిన ఆ పదుగురిని గన్నది యామెయే గదా! తుదినాటి దైవకోపములో ఆమె ప్రస్తావనయే లేదు.

పిమ్మట యోబునకు గొఱ్ఱెలు 14000, ఒంటెలు 6000 ఆయెను, అన్నియు రెండింతలు. బిడ్డలు మాత్రము మరల పదుగురే. మొదటివారు దేవునియొద్ద నున్నారు గనుక ఆ లెక్కయు రెండింతలే యని కొందఱు పెద్దలందురు. ఈ మాట ఆ తల్లితో చెప్పవలెనని తోచినది, చెప్పలేదు.

మరునాడు పోయి చాపమీద నామె ప్రక్క గూర్చుంటిని. ఆమె పిల్లవాని చొక్కాలు మడచుచుండెను. ఒకటి నా చేతికిచ్చినది.